వెల్‌బీయింగ్ టీమ్ ఏడాది ప్యాకేజీ: మా స్కూలు, రొయ్యల ప్లాంటు, ఊరు మూడు చోట్లా చూసాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నానండీ, టీమ్ పేరు రాయట్లేదు. పిల్లలకీ ఉద్యోగులకీ మానసిక ఆరోగ్యం మీద ప్రోగ్రాములు, కౌన్సిలింగ్ చేసే ఇలాంటి టీములు ఇప్పుడు గోదావరికి అటూ ఇటూ బోల్డు తిరుగుతున్నాయి, అందరి ప్యాకేజీ ఇంచుమించు ఒకటే, ఫ్లెక్సీ మీద నవ్వుతున్న పిల్లల ఫోటో కూడా ఒకటే. అంచేత మీ స్కూలుకో మీ ఆఫీసుకో ఎవరొచ్చినా ఇది పనికొస్తుంది. నేను పాలకొల్లు పక్కన ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తా. కిందటి దసరా సెలవులయ్యాక మా మేనేజ్‌మెంటు రాజమండ్రి నుంచి వచ్చే ఈ టీమ్ దగ్గర ఏడాది ప్యాకేజీ తీసుకుంది, మా తోటికోడలు పనిచేసే రొయ్యల ప్లాంటుకి కూడా వీళ్లే వెళ్లారు, మా ఊరి రామాలయం దగ్గర కూడా ఫ్రీగా చేసారు, అలా మూడూ తెలిసాయి.

మా కరస్పాండెంట్ గారికి ఉన్నట్టుండి పిల్లల మనసు మీద ప్రేమ పుట్టుకొచ్చిందని మాత్రం అనుకోకండి. 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పొచ్చింది కదా, విశాఖలో నీట్ కోచింగ్‌కొచ్చి హాస్టల్లో చనిపోయిన అమ్మాయి తండ్రి వేసిన కేసు, అందులో 100 మంది గానీ అంతకు మించి గానీ పిల్లలున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సిలర్నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్నో పెట్టుకోవాలని చెప్పారు. స్టాఫ్‌కి ఏడాదికి రెండుసార్లైనా ట్రైనింగ్ ఇవ్వాలి, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, పిల్లల్ని అందరి ముందూ చిన్నబుచ్చకూడదు, హెల్ప్‌లైన్ నంబర్లు పెద్దక్షరాల్లో కనపడేలా పెట్టాలి, ఇలా చాలా ఉన్నాయి. ప్రభుత్వం దీనికి చట్టం తెచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయి. దాంతో ఎవరైనా వచ్చి అడిగితే చూపించడానికి ఒక కాగితం కావాలి, ఆ కాగితం ఈ టీమ్ ఇస్తుంది, అదీ సంగతి. డబ్బులు మేనేజ్‌మెంటు జేబులోంచి పోలేదులెండి, పిల్లకి ఏడాదికి 300 చొప్పున యాక్టివిటీ ఫీజులో కలిపేసారు, సగం మంది పేరెంట్స్‌కి అది దేనికో కూడా తెలీదు.

మొదట స్టేజి ప్రోగ్రాం. దీని గురించి కొంచెం గట్టిగానే రాస్తా, ఏమనుకోకండి. పొద్దున్నే వ్యాన్లోంచి సౌండ్ బాక్సులు దిగాయి, గ్రౌండులో షామియానా, మైకు పట్టుకున్నాయన 'నేను గెలుస్తా' అనమన్నాడు, పిల్లలు అన్నారు, ఇంకా గట్టిగా అనమన్నాడు, ఇంకా గట్టిగా అన్నారు, పిల్లలకేంటండీ క్లాసు లేదంటే ఏదైనా అంటారు. అంతవరకూ పర్లేదు. ఆ తర్వాత అందర్నీ కళ్లు మూసుకోమని ఏడుపు మ్యూజిక్ ఒకటి పెట్టి, మీ అమ్మ మీకోసం ఎన్ని పూటలు పస్తుందో తెలుసా, రేపు పొద్దున అమ్మ లేకపోతే ఏం చేస్తారు అని మొదలెట్టాడు.

మనవైపు సంగతి తెలిసిందే కదా. ఇటు నరసాపురం నుంచి అటు రాజోలు, అమలాపురం దాకా చాలా ఊళ్లలో కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికెళ్లిన తల్లులున్నారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. మా ఏడో క్లాసులో అలాంటి బాబు ఒకడు, రోజూ రాత్రి వాళ్లమ్మతో వీడియో కాల్ మాట్లాడుకుంటాడు, పొద్దున్న హుషారుగానే వస్తాడు, క్లాసులో వాడి అల్లరి అంతా ఇంతా కాదు. మైకులో 'అమ్మ లేకపోతే' అనేసరికి వాడు చొక్కా కాలరు నోట్లో కుక్కుకుని కొరుక్కుంటా కూర్చున్నాడు ఏడుపు ఆపుకోడానికి. వీళ్లు తెచ్చుకున్న ఫోటోగ్రాఫర్ సరిగ్గా వాడి ముందే మోకాళ్ల మీద కూర్చుని ఆ ఫోటో తీసాడు. రెండు నిమిషాలు తిరక్కుండా డీజే పాట, అందరూ లేచి డాన్సు చేయాలంట! సాయంత్రానికి ఆ ఫోటో స్కూలు వాట్సాప్ గ్రూపులో ఉంది, కింద చప్పట్ల బొమ్మలు. నేను ఫోన్ చేసి తీయించాను గానీ అప్పటికే వాళ్లమ్మమ్మ చూసేసింది, వాళ్లమ్మ కువైట్లో చూసేసింది. పిల్లలు ఎంతమంది ఏడిస్తే ప్రోగ్రాం అంత హిట్టు అన్న లెక్క ఎవరు పెట్టారో గానీ మీ స్కూల్లో ఇది పెడతామంటే ముందే వద్దనండి. ఏడ్చిన పిల్లాడిని ఆ తర్వాత ఎవరు చూస్తారు అన్నదానికి వాళ్ల దగ్గర జవాబు లేదు. ఆ మైకాయన సైకాలజీ చదివినాయన కాదు, ఈవెంట్ల కాంట్రాక్టు మనిషి, ఆ సంగతి టీమ్‌లో వాళ్లే తర్వాత చెప్పారు.

ఇప్పుడు అసలు సరుకు గురించి. ప్యాకేజీలో ప్రతి గురువారం ఒక కౌన్సిలర్ వస్తుంది. చిన్నమ్మాయే, సైకాలజీలో పీజీ చేసిందట, మాట తక్కువ, వినడం ఎక్కువ. మొదట్లో ఈమెకిచ్చిన గది ఆఫీసు రూముని ఆనుకుని ఉంది, మధ్యలో గోడ కూడా కాదు ప్లైవుడ్ చెక్క, అటు ఫీజు కౌంటర్లో దగ్గితే ఇటు వినపడుద్ది, పైగా బయట 'కౌన్సిలింగ్ రూమ్' అని ఎర్రక్షరాల బోర్డు. లోపలికెళ్లిన పిల్ల బయటికొచ్చేసరికి క్లాసంతా 'ఏం చేసావే' అని అడుగుద్ది. ఎవరెళ్తారండీ? చాలా వారాలు ఆమె ఒక్కతే కూర్చుని వెళ్లిపోయేది, మా ఏఓ (ఆఫీసు పనులు చూసే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) గారు 'చూసారా మన పిల్లలకి ప్రాబ్లమ్సే లేవు' అని మురిసిపోయారు.

ఆమే అడిగి లైబ్రరీకి మార్పించుకుంది. లైబ్రరీకి ఎవరైనా ఏ పనికైనా వెళ్లొచ్చు కదా, పుస్తకం మార్చుకోడానికి వెళ్లినట్టు వెళ్లి మాటాడుకుని వస్తున్నారు. ఎవరూ ఎవర్నీ అడగట్లేదు.

అలాగే ఒక చీటీల డబ్బా. పేరు రాయక్కర్లేదు, క్లాసు రాస్తే చాలు. డబ్బా తాళం మొదట హెచ్ఎం గారి దగ్గర ఉండేది, అందులో వచ్చిన చీటీలు ఎలా ఉండేవంటే 'మా స్కూలు చాలా బావుంది', 'థాంక్యూ సార్'. తాళం కౌన్సిలర్ చేతికి వెళ్లాక అసలు చీటీలు పడ్డం మొదలైంది. ఆమె నెలకోసారి పేర్లు లేకుండా, ఎవరో తెలిసిపోయేవి తీసేసి, ఒక పేజీ రిపోర్టు ఇస్తుంది, స్టాఫ్ మీటింగులో చదువుతారు. మొదటి రిపోర్టు విన్నాక స్టాఫ్ రూములో కాసేపు ఎవరం మాట్లాడలేదు. మేము ఏవేవో ఊహించుకున్నాం, పరీక్షల భయం, ఫోన్లు, ప్రేమలు, అలాంటివి. ఎక్కువ చీటీలు వేటి గురించంటే ఆడపిల్లల బాత్రూముల్లో రెండింటికి లోపల గడియ లేదు. ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి, తోడు దొరక్కపోతే సాయంత్రం దాకా ఆపుకోవాలి, అందుకని పొద్దున్నించీ నీళ్లు తాగట్లేదు. తలనొప్పి, కడుపునొప్పి అని సిక్ రూములో పడుకునే పిల్లలకి మేం ఒత్తిడి గురించి ధ్యానం గురించి క్లాసు పీకుతున్నాం!

గడియలు వారంలో పెట్టేసారు, అదెంతండీ, హార్డ్‌వేర్ షాపులో వంద రూపాయల పని. రెండోది ప్రేయర్లో ర్యాంకులు చదవడం, చివరి పది మంది పేర్లు కూడా చదివేవారు. దీని మీద పెద్ద గొడవే అయింది, పేరెంట్స్‌కి పోటీ కావాలి మేడమ్ అని కరస్పాండెంట్ గారి వాదన. కౌన్సిలరమ్మాయి వాదించలేదు, కోర్టు గైడ్‌లైన్స్ ప్రింటు తీసి ఆ లైను కింద పెన్సిల్ గీత గీసి టేబుల్ మీద పెట్టి వెళ్లింది. తర్వాతి నెల నుంచి చివరి పది మంది పేర్లు చదవడం ఆగింది, మొదటి పది మందివి ఇంకా చదువుతున్నారు, సర్లెండి. మూడోది టెన్త్ వాళ్ల స్టడీ అవర్ రాత్రి ఎనిమిదిన్నర దాకా, లంక గ్రామాల నుంచి వచ్చే పిల్లలు ఇంటికెళ్లేసరికి ఏ టైమవుద్దో ఆలోచించండి, కానీ దాని జోలికి ఎవరూ వెళ్లలేదు. పక్క స్కూలు తొమ్మిది దాకా పెడుతోంది కాబట్టి మనం తగ్గిస్తే అడ్మిషన్లు పోతాయంట.

టీచర్ల సెషన్ గురించి చెప్తే నవ్వుతారు. ఒత్తిడి తగ్గించే వర్క్‌షాప్ ఆదివారం పెట్టారు. ఉన్న ఒక్క ఆదివారం ఇంట్లో బట్టలూ పిండీ పప్పూ వదిలేసి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ముక్కు ఒకపక్క మూసుకుని ఇంకోపక్క ఊపిరి తీస్తా మీ ఒత్తిడికి కారణాలు రాయండి అంటే ఏం రాస్తాం, వెనక కుర్చీలో ఏఓ గారు కూర్చునుంటే? అందరం 'ట్రాఫిక్' అని రాసాం. మా ఊళ్లో ట్రాఫిక్కేంటండీ, గేదెలు అడ్డొస్తే తప్ప! తర్వాత కౌన్సిలర్ పట్టుబట్టి ఆఫీసు వాళ్లు లేకుండా ఒక మధ్యాహ్నం పెట్టింది, అప్పుడొచ్చాయి అసలు మాటలు. ఎండాకాలం మిట్ట మధ్యాహ్నం ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు తేవడం, తేకపోతే జీతం ఆపడం, రాత్రి పదకొండుకి 'మా బాబు హోంవర్క్ ఏంటి మేడమ్' అని మెసేజ్. వీటిలో మెసేజ్‌ల వరకూ తెగింది, రాత్రి ఎనిమిది తర్వాత క్లాసు గ్రూపులు అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా పెట్టారు. ఆ ఒక్క సెట్టింగు వల్ల మా ఇంట్లో రాత్రి భోజనాలు నిమ్మళంగా అవుతున్నాయి, ఆ మాత్రం ఒప్పుకోవాలి. అడ్మిషన్ల సంగతి మాత్రం అలాగే ఉంది, ఈ ఏడు కూడా తిరిగాం.

ఇక రొయ్యల ప్లాంటు. మా తోటికోడలు చెప్పిందే రాస్తున్నా, తనని పక్కన కూర్చోబెట్టుకునే. అక్కడ ఆడవాళ్లంతా గంబూట్లేసుకుని, తలకి క్యాప్, మూతికి మాస్కు పెట్టుకుని, పొడుగాటి స్టీలు టేబుళ్ల దగ్గర నిలబడి ఐసులో ఉన్న రొయ్యకి తల తీసి, పొట్టు తీసి, నరం లాగి ట్రేలో వెయ్యాలి. గ్లౌజులున్నా ఆ చలికి వేళ్లు మొద్దుబారిపోతాయి, గోళ్ల పక్కన చర్మం చీరుకుపోద్ది, ఇంటికొచ్చి పచ్చడన్నం కలుపుకోవాలంటే స్పూనే. అలాంటి వాళ్లని షిఫ్టయ్యాక ఒక గంట హాల్లో కూర్చోబెట్టి ఇంగ్లీషు స్లైడ్లతో వర్క్-లైఫ్ బ్యాలెన్స్ అని చెప్పారంట. హాబీలు పెంచుకోమన్నారంట. వెనక వరసలో ఒకావిడ 'ఆయ్, అలాగేనండి, రేపట్నుంచి వీణ నేర్చుకుంటాం' అందంట, హాలు హాలంతా ఒకటే నవ్వు. చెప్పేవాళ్లకి ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు, సెషన్ బాగా ఎంజాయ్ చేసారని రిపోర్టులో రాసుకున్నారు.

వాళ్ల దిగులు వేరే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసాక ప్లాంట్లలో షిఫ్టులు తగ్గిపోయాయి, వారంలో ఎన్ని రోజులు పిలుస్తారో తెలీదు, ఫోన్ మోగితే పని, మోగకపోతే లేదు, డ్వాక్రా లోను కిస్తీ మాత్రం టైముకి కట్టాలి. దానికి ఈ టీమ్ ఏం చేయగలదు అంటే ఏం చేయలేదు, నిజమే, కానీ వచ్చే వారం షిఫ్టులు శనివారం నాటికే బోర్డు మీద రాయించమని మేనేజరుకి చెప్పొచ్చు కదా, పైసా ఖర్చు లేని పని. ఆ మాట చెప్పింది కూడా టీమ్ కాదు, మా తోటికోడలు లేచి అడిగింది. రాస్తామన్నారు, కొన్ని వారాలు రాసారు, తర్వాత మామూలే.

అక్కడ ఒకటి మాత్రం బాగా చేసారు. పనిచేసే చోట ఆడవాళ్లతో ఎవరైనా తిక్కగా ప్రవర్తిస్తే ఏం చేయాలో తేట తెలుగులో చెప్పారు. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల గురించి వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ఏ చోటైనా లోపలి కమిటీ ఒకటి ఉండాలి, దానికి పెద్దగా ఒక ఆడమనిషే ఉండాలి, మెంబర్లలో సగం మందైనా ఆడవాళ్లే ఉండాలి, బయట నుంచి ఒక మెంబరు ఉండాలి, అంతకన్నా చిన్న చోట్ల వాళ్లు జిల్లాలో ఉండే కమిటీకి వెళ్లొచ్చు. ప్లాంటులో కమిటీ ఉంది, పేర్ల బోర్డు కూడా ఉంది, ఆఫీసు మెట్ల పక్కన ఇంగ్లీషులో. ఆ మెట్లు ఎక్కే పని వీళ్లకి ఎప్పుడూ పడదు. ఇప్పుడు తెలుగు బోర్డు ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో పెట్టారు. ఆ వారమే ఒక సూపర్‌వైజర్ భాష మారిందంట, 'ఏమ్మా' అని పిలుస్తున్నాడంట, అంతకు ముందు ఎలా పిలిచేవాడో ఇక్కడ రాయలేను.

ఊళ్లో ప్రోగ్రాం మొదటిసారి సాయంత్రం నాలుగింటికి పెట్టారు, ఎవరొస్తారు, రిటైరైన మాస్టార్లు నలుగురు, కాఫీ కోసం ఇంకో నలుగురు. రెండోసారి డ్వాక్రా మీటింగ్ రోజు రాత్రి అన్నాలయ్యాక పెట్టారు, రామాలయం అరుగులు సరిపోలేదు. సపోర్ట్ గ్రూపు పెట్టుకోండి అని టీమ్ లీడర్ మొదలెడితే మా పెద్దత్తగారు 'ఉన్న గ్రూపు చాల్లే నాయనా, మళ్లీ ఇంకోటా, దానికెంత పొదుపు కట్టాలి' అంది. కౌన్సిలరమ్మాయి దాన్ని అందిపుచ్చుకుంది, కొత్త గ్రూపు వద్దు, నెల నెలా మీ మీటింగులో లెక్కలయ్యాక కాసేపు ఎవరింట్లో ఎలా ఉందో మాట్లాడుకోండి, నేనొస్తా అంది. ఆ కాసేపట్లో వచ్చిన మాటలు వింటే ఇన్నేళ్లు పక్కపక్క ఇళ్లలో ఉండి ఏం తెలుసుకున్నాం అనిపించింది, లోన్ యాప్ వాళ్లు కొడుకు ఫోటో మార్ఫింగ్ చేసి బంధువులకి పంపిస్తామన్నారని ఒకావిడ, చెరువులో రొయ్యలకి వైట్‌స్పాట్ తెగులు వచ్చి పంటంతా పోయాక భర్త రాత్రిళ్లు గట్టు మీదే కూర్చుంటున్నాడని ఒకావిడ. కోనసీమ నుంచి వచ్చి కూతురి దగ్గర ఉంటున్న మామ్మగారైతే 1996 నవంబరు 6 తుఫాను గురించి చెప్పారు. వెయ్యి మందికి పైగా పోయారు ఆ తుఫానులో, కొబ్బరి తోటలు తోటలే పడిపోయాయి. ఇప్పటికీ నవంబరులో గాలి తిరిగితే ఆవిడ పట్టాదారు పుస్తకం, రెండు చీరలు మూటగట్టుకుని తెల్లార్లూ మేలుకునే ఉంటారంట. ఇంట్లో వాళ్లు చాదస్తం అనుకున్నారు ఇన్నాళ్లూ.

ఒకాయన నెమ్మదిగా అడిగాడు, తెలిసినవాళ్ల కుర్రాడు ప్రాణం తీసుకోబోయి బతికాడు, ఆసుపత్రికి మళ్లీ తీసుకెళ్తే పోలీసు కేసవుద్దని భయపడుతున్నారు అని. దానికి కౌన్సిలరమ్మాయి చెప్పింది అందరూ తెలుసుకోవాల్సిందే. 2017లో వచ్చిన మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది, అలాంటి పని చేయబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి తప్ప శిక్షించకూడదు, వైద్యం, సంరక్షణ ప్రభుత్వం చూడాలి. ప్రాణం తీసుకోబోవడాన్ని నేరంగా చూసిన ఆ పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త భారతీయ న్యాయసంహితలో లేనే లేదు. అది చెప్పి ఊరుకోకుండా 14416కి అక్కడే స్పీకర్ పెట్టి ఫోన్ చేసి చూపించింది. టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలెట్టింది, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, ఫ్రీ, తెలుగు ఎంచుకుంటే తెలుగులో మాట్లాడే మనిషే పలుకుతారు, అవసరమైతే డాక్టరుకి కలుపుతారు. అప్పటిదాకా ఆ నంబరు మా స్కూలు గోడ మీద ఉన్నా నొక్కితే ఏమవుద్దో ఎవరికీ తెలీదు. ఆయన అక్కడే ఫోన్లో నంబరు సేవ్ చేసుకున్నాడు.

యాప్ ఒకటి ఇచ్చారు, రోజూ మూడ్ ఎలా ఉందో మొహం బొమ్మ నొక్కాలి. స్కూలుకి ఫోన్ తేకూడదు, ఇంట్లో ఫోన్ నాన్న దగ్గర ఉంటుంది, అంతా ఇంగ్లీషు, పైగా పిల్లల డేటా ఎక్కడికెళ్తుందో అడిగితే చెప్పట్లేదు. దండగ. ఏడాది చివర 'హ్యాపీ స్కూల్' అని సర్టిఫికెట్, గేటు దగ్గర ఫ్లెక్సీ, అందులో పిల్లల కన్నా కరస్పాండెంట్ గారి ఫోటో పెద్దది.

మీ దగ్గరకి ఇలాంటి టీమ్ వస్తే ముందు కౌన్సిలర్ ఏం చదివారో అడగండి, ప్రతి వారం అదే మనిషి వస్తారా మారిపోతారా అడగండి, గది ఎక్కడ ఇస్తారో, డబ్బా తాళం ఎవరి దగ్గరుంటుందో మేనేజ్‌మెంటుతో ముందే రాయించుకోండి. స్టేజి ప్రోగ్రాం వద్దు, ఆ డబ్బులతో ఇంకో రోజు కౌన్సిలర్ని పంపండి అంటే ఒప్పుకుంటారు, పక్క ఊరి స్కూలు వాళ్లు అలాగే మాట్లాడుకున్నారు. మా వాళ్లు మాత్రం వచ్చే ఏడాదికి ఖర్చు తగ్గించాలని కౌన్సిలర్ని నెలకోసారి చేసి స్టేజి ప్రోగ్రాంని రెండుసార్లు చేద్దామంటున్నారు, ఫోటోలు బాగా వస్తాయని. వచ్చే పేరెంట్స్ మీటింగులో దీని గురించి అడగమని నాకు తెలిసిన తల్లిదండ్రులందరికీ చెప్పాను, ఇది చదివేవాళ్లలో మా స్కూలు పేరెంట్స్ ఉంటే మీరు కూడా అడగండి, 300 మీవే.

రేటింగ్: స్టేజికి ఒక స్టార్, అదీ షామియానా నీడకి. యాప్‌కి సున్నా. ప్లాంటు సెషన్‌కి రెండు, ఆ తెలుగు బోర్డు వల్ల. ఊళ్లో రెండోసారి చేసినదానికి నాలుగు. కౌన్సిలరమ్మాయికి నాలుగున్నర, అర స్టారు ఎందుకు కోసానంటే రాలేని గురువారాలు ముందు చెప్పట్లేదు, పిల్లలు లైబ్రరీ దాకా వెళ్లి వెనక్కొస్తున్నారు.